తొలి బుర్ర ఎవరు తాగాలి

ఇందులో ఏది ముందు జరిగిందో, ఏది తర్వాత జరిగిందో చెప్పడంలో తడబాటు రావచ్చు. ఈ మధ్య చదివినవీ విన్నవీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతున్నాయి. వర్తకుడు వచ్చింది ఇదాలినా అనే పిల్ల ఆ ప్రశ్న అడిగిన రోజునేనా, ఆ మర్నాడా అంటే ఖాయంగా చెప్పలేను. అడిగిన ప్రశ్న మాత్రం మరుపు రాలేదు. ఒళ్లు మండి అడిగిన ప్రశ్న కదా, అది నిలిచిపోయింది.

దక్షిణ అమెరికాలో పరానా అనే పెద్ద నది ఒడ్డున, ఎర్రమట్టి నేలల్లో, సెఫెరీనో అనే ముసలాయన ఉండేవాడు. మాతే చెట్ల కొమ్మలు కొట్టి, వాటికి మంట సెగ చూపించి, ఆకు మాడకుండా ఎండబెట్టడంలో ఆ చుట్టుపక్కల ఆయనే గురువు. పని నేర్చుకోవడానికి ఆయన దగ్గరికి ఎవరో ఒకరు వస్తూనే ఉండేవారు. ఎవరేం అడిగినా వెంటనే జవాబు చెప్పడం ఆయనకు అలవాటు లేదు. "నీళ్లు పెట్టు" అనేవాడు. నీళ్లు కాగేలోపు సగం ప్రశ్నలు వాటంతటవే చల్లారిపోయేవి.

మాతే అంటే మన టీ లాంటిదేననుకోవచ్చు గానీ, తాగే తీరు వేరు. గిన్నె అంటే ఎండిన సొరబుర్రే. అందులో సగానికి పైగా ఆకుపొడి నింపి, అరచెయ్యి మూతపెట్టి తలకిందులు చేసి ఆడించి, పొడిని ఒక పక్కకు వాలుగా నిలబెట్టాలి. పల్లంలో కాసిని చల్లనీళ్లు పోసి ఆకును నాననివ్వాలి. ఆ తర్వాత, కొసన చిల్లుల బుడిపె ఉన్న లోహపు గొట్టాన్ని అందులో గుచ్చాలి. గుచ్చాక దాన్ని కదపకూడదు. కెటిల్లో నీళ్లు రొద పెట్టగానే దించెయ్యాలి, తెర్లనిస్తే ఆకు మాడిపోయినట్టే. బుర్ర ఒకటే, గొట్టం ఒకటే. కూర్చున్నవాళ్లందరికీ వరసగా అదే తిరుగుతుంది. చేతికొచ్చిన బుర్రను గొట్టం గరగరమనేదాకా తాగి, పోసే మనిషికి తిరిగి ఇవ్వాలి. మధ్యలో దించినా, మొహం చిట్లించినా పోసిన మనిషి చెంప మీద కొట్టినంత పని. ఇంకో కట్టుబాటు కూడా ఉంది. మొదటి బుర్ర పోసిన మనిషే తాగాలి. పొడిలోని దుమ్మూ, ఆకులోని అసలు చేదూ దిగేది అందులోనే. నురగ తేలిన కమ్మటి బుర్ర ఆ తర్వాతిది. అది ఎదుటివాళ్లది.

ఇదాలినాకు ఒళ్లు మండింది అక్కడే. నాయనమ్మ కాందిదాను వెంటబెట్టుకుని పని నేర్చుకోవడానికి వచ్చిన పిల్ల అది. ఆ పిల్లకు ఉన్న మనిషి ఆ నాయనమ్మ ఒక్కతే. పని చురుకు, నోరు అంతకంటే చురుకు. ఒక పొద్దున ఆ చేదు నీళ్లు గుటకేసి, బుర్రను ఠప్పున బల్ల మీద పెట్టింది.

"కోడి కంటే ముందు లేచేది నేను. పొయ్యి రాజేసి, పొగ మింగి, నీళ్లు కాచేది నేను. దుమ్మూ చేదూ కూడా నా గొంతులోకేనా తాతా? ఇప్పుడే నిద్ర లేచి వచ్చి కూర్చున్నవాళ్లకేమో నురగా? ఇదెక్కడి న్యాయం?"

"నీళ్లు పెట్టు" అన్నాడు సెఫెరీనో.

ఆ రోజో మర్నాడో ఓస్వాల్దో అనే వర్తకుడు లారీలో వచ్చాడు. చెట్లు కోతకొచ్చి ఉన్నాయి. అందరి ఆకూ తనకే ఇచ్చేస్తే, ఏడాది పొడుగునా వాళ్లు తాగడానికి కావలసిన ఆకు తానే డబ్బాల్లో పంపుతానన్నాడు. ఎండబెట్టే చాకిరీ ఉండదన్నాడు. డబ్బా మీద తెల్లకోటు తొడుక్కున్న మనిషి బొమ్మ ఉంది. ఈ ఆకు చక్కెర జబ్బును తగ్గిస్తుందట. కీళ్లు వదులు చేస్తుందట, కొవ్వు కరిగిస్తుందట. ముందు వరసలో బట్టతలలు కనపడేసరికి జుట్టు సంగతి కూడా చేర్చాడు. సెఫెరీనోను ఎవరైనా మాతే వల్ల లాభమేమిటని అడిగితే, నిద్ర ఆపుతుంది, ఆకలిని కాసేపు పట్టి ఉంచుతుంది, నలుగురినీ ఒకచోట కూర్చోబెడుతుంది, అంతకుమించి నేను చూడలేదు అనేవాడు. మరీ వేడిగా తాగితే గొంతుకు చేటు, మరీ ఎక్కువ తాగితే రాత్రి జాగారమేనని కూడా చెప్పేవాడు. ఇంత పొదుపుగా మాట్లాడే మనిషి పక్కన వర్తకుడి మాటలు తిరనాళ్లలా ఉన్నాయి. జనం అటే మొగ్గారు. జనాన్ని అని లాభం లేదు. కీళ్లు నొప్పి పెడుతుంటే ఎవరి చెవులైనా అటే సాగుతాయి. ఆ నొప్పులు చూసి సొమ్ము చేసుకునేవాణ్ణి అనాలి.

ఎంత మొగ్గినా, సెఫెరీనో సరేనందాకా వాళ్లెవరూ సరేననరు. ఆయన ఒక్కటే అన్నాడు, తాగి చూద్దామని. అని, మసి చేతులు కడుక్కోవడానికి తొట్టి దగ్గరికి వెళ్లాడు. ఇదాలినా పోయడానికి కూర్చుంది. డబ్బా మూత తీయగానే పుదీనా ఘాటు, నిమ్మతొక్క వాసన గుప్పుమన్నాయి. వాటి అడుగున ఇంకో వాసన ఉంది, వానకు తడిసి మూలన పడేసిన గోనెసంచి వాసన. అది ముక్కుకు తగిలింది, మనసుకు అందలేదు. అలవాటు చొప్పున మొదటి నీళ్లు పోసి, గొట్టం పెదాల దగ్గరికి తెచ్చుకుంది. వర్తకుడు పకపకా నవ్వాడు.

"ఇదేం మోటుతనం అమ్మాయ్? కాటికి కాళ్లు చాపుకున్న పెద్దావిడ ఎదురుగా ఉంటే, బొడ్డూడని నువ్వు ముందు తాగుతావా? మా వైపు ముందు పెద్దలకిచ్చి ఆ తర్వాతే మేం ముట్టుకుంటాం."

తన మనసులో రగులుతున్న మాటకు ఎవరో మర్యాద అనే పేరు పెట్టి చేతికిచ్చినట్టయింది ఇదాలినాకు. చేదు తప్పించుకోవడానికి ఇంత గౌరవమైన దారి ఉందని ఆ పిల్లకు తెలీదు. బుర్ర దించి, రెండు చేతులతో నాయనమ్మకు అందించింది.

సెఫెరీనో చేతులు తుడుచుకుంటూ ఇటు తిరిగేసరికి గొట్టం కాందిదా నోట్లో ఉంది. నోటి దగ్గరి బుర్రను లాక్కోవడం అక్కడ ఎవరూ చెయ్యరు. ఆమె ఒక గుటక వేసి ఆగింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. మనవరాలు పోసిన బుర్ర, నలుగురి మధ్య అందుకున్న బుర్ర. దించితే పిల్ల తలవంచుకోవాలి. అందుకని ఆ ముసలిది గొట్టం గరగరమనేదాకా తాగింది. పెదాలు తుడుచుకుని, బుర్ర తిరిగిచ్చి, మెల్లగా అంది.

"నీళ్లు బాగా కాచావమ్మా."

నీళ్లను మెచ్చుకుంది. ఆకు గురించి ఒక్క మాట లేదు. ఇదాలినా ముఖం పాలిపోయింది. గబగబా ఇంకోసారి నీళ్లు పోసుకుని తాను పీల్చింది. బూజు! పుదీనా కిందా నిమ్మతొక్క కిందా ముక్కిపోయిన ఆకు, నాలుకకు అంటుకుపోయే బూజు. రెండో బుర్రే ఇలా ఉంటే మొదటిది ఎలా ఉండి ఉంటుంది? గోదాములో నీళ్లు దిగి కుళ్లిన సరుకుకు అత్తరు పూసి, దాని మీద తెల్లకోటు బొమ్మ అంటించి, ఎవరి గొంతులో పోద్దామని తెచ్చాడు ఆ మనిషి? నిగనిగలాడే పచ్చటి ఆకు పట్టుకుపోయి ఈ పెంటనా తాగమనేది? 

ఇదాలినా బుర్రను నేల మీద బోర్లించి, కడిగి, డబ్బాలోంచి కొత్తగా ఆకు నింపి, నానబెట్టి, కెటిల్‌తో సహా తీసుకెళ్లి వర్తకుడి ముందు పెట్టింది.

"ఇప్పుడు మీరు పొయ్యండి. ఇక్కడ పోసిన మనిషే ముందు తాగాలి."

ఓస్వాల్దో కెటిల్ వంక చూశాడు, సెఫెరీనో వంక చూశాడు. తనకు మాతే పడదన్నాడు. కడుపులో పుండు ఉందన్నాడు. చిన్నప్పట్నుంచీ తాను కాఫీ మనిషినన్నాడు. జుట్టు మొలిపించే ఆకు కడుపులో పుండుకు పనికిరాదా అని వెనక నుంచి ఎవరో అడిగారు. ఎవరూ నవ్వలేదు. సెఫెరీనో ఆ కెటిల్ తీసుకుని, వర్తకుడి ముందు ఉన్న బుర్రను అక్కడే ఉంచి, జనం వైపు తిరిగి కూర్చున్నాడు. చాలాసేపు అందరూ ఆ బుర్రనే చూస్తూ ఉన్నారు. కెటిల్లో నీళ్లు చల్లారిపోయాయి. లారీ ఎప్పుడు కదిలిందో ఎవరూ పట్టించుకోలేదు. ఆ ఏడాది ఆకు వాళ్ల మంట మీదే ఎండింది.

కాందిదా ఆ సాయంత్రం నుంచి వాంతులతో మంచాన పడింది. ఇదాలినా మంచం పట్టె వదల్లేదు. గంజినీళ్లు చెంచాతో పడుతూ, మొదటి గుటకకే ఎందుకు దించలేదని నాయనమ్మను తిట్టింది. ముసలిది మనవరాలి మోకాలి మీద చెయ్యి వేసి పడుకుంది. తగ్గిందాకా ఆ పిల్లకు ఇంకో లోకం లేదు.

నాయనమ్మ లేచి మళ్లీ పదిమందితో కూర్చున్న పొద్దున, ఇదాలినా తమ ఆకుతోనే బుర్ర నింపింది. మొదటి నీళ్లు పోసుకుంది. దుమ్ముతో, చేదుతో సహా గరగరమనేదాకా తాగింది. రెండోది నురగతో పోసి కాందిదాకు ఇచ్చింది. మూడోది సెఫెరీనోకు ఇస్తూ, అడిగిన ప్రశ్నకు జవాబు తానే చెప్పింది.

"తెలిసింది తాతా. ఆకు చెడిందో లేదో చూడ్డానికి పెట్టారు ఆ కట్టుబాటు."

సెఫెరీనో తొందరపడలేదు. చివరిదాకా తాగి, బుర్ర ఆ పిల్ల చేతికిచ్చాడు.

"అది చూడ్డానికే అయితే, కుక్కకు పోసినా తెలిసేది. నువ్వు తాగనిది ఇంకొకరికి ఎలా ఇస్తావు?"

హైమా, ఈ కథ అచ్చుకు పంపేముందు ఈ పేర్లు పలికే తీరు సరిగ్గా ఉందో లేదో ఒక్కసారి చూడు తల్లీ. మిగతాదంతా, ఆ తొలి బుర్రలాగే, ముందు నేను చదివాకే నీకిస్తున్నాను.