రంగే కదా అన్న రాకుమారుడు

పక్కింటి పిల్ల పట్టుపరికిణీ చూసినప్పటి నుంచి నువ్వు అన్నం ముట్టడం లేదట. సిగ్గు లేదూ? నీ ఒంటి మీద పరికిణీకి ఏమొచ్చింది? చిరిగిందా? పొట్టయిందా? మీ నాన్న తన తాహతులో కొన్నాడు, మీ అమ్మ ఉతికి ఆరేసి నీకు కట్టింది. అది చాలదా? ఏడుపు ఆపి ఇలా కూర్చో. మూతి ముడుచుకునే వింటానంటే అలాగే విను. కథ మాత్రం మధ్యలో ఆపను.

అనగనగా ఒక రాజు. ఆయనకు ఉన్నది ఒకే ఏనుగు, అదీ ముసలిది. రాజు పేరు గుణభద్రుడు, రాజ్యం పేరు జొన్నవీడు. అక్కడ జొన్న పండేది, పత్తి పండేది, గొర్రెలు మేసేవి. ఊరి మగ్గాల మీద నేసిన బట్టే రాజు కట్టేవాడు. అదే బట్ట పాలేరూ కట్టేవాడు. ఎవరికీ లోటు లేదు.

ఆ రాజుకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడు జయకేతుడు, చిన్నవాడు సుకేతుడు. ఒకరోజు మణికుండం నుంచి దూత వచ్చాడు. ఆ దేశపు రాజకుమారి హేమావళికి స్వయంవరమట. వెంటనే జయకేతుడు తన పెట్టె తెరిచి బట్టలన్నీ బయటికి విసిరాడు.

“ఈ ముతక బట్టతో ఎలా వెళ్ళమంటారు నాన్నగారూ? ద్వారం దగ్గరే నన్ను వంటవాడనుకుంటారు.”

“అనుకోనీ అన్నయ్యా. అందరికంటే ముందు వంటింట్లోకి పోవచ్చు” అన్నాడు సుకేతుడు.

రాజు నవ్వాడు. జయకేతుడు నవ్వలేదు.

సరిగ్గా అప్పుడే ఒక వర్తకుడు వచ్చి సభలో మూట విప్పాడు. అందులో ఒక అంగీ ఉంది. ఎర్రగా, నిప్పుకణికలా తళతళలాడుతోంది. దాని ఖరీదు మూడు ఏనుగులట!

“మాకున్నది ఒక్కటే. దాన్ని లేపడానికే ఇద్దరు మనుషులు కావాలి. మూట కట్టుకో నాయనా” అన్నాడు రాజు.

వర్తకుడు మూట కట్టుకున్నాడు గానీ ఊరు విడిచి పోలేదు. తోటలో జయకేతుణ్ణి పట్టుకున్నాడు. వాడు నిజానికి వర్తకుడు కాదు, ఏడు సముద్రాల అవతల ఉండే జలతారు మాంత్రికుడు.

“ఏనుగులెందుకు బాబూ? మీరు ఈ రాజ్యానికి కాబోయే రాజు. మీ రాజ్యంలోని ఎరుపు నాకు ఇవ్వండి, అంగీ మీది. ఇచ్చానని నోటితో అనండి చాలు. హక్కుదారు నోటితో అనకుండా నేను గడ్డిపరక కూడా తీసుకోలేను, అది నా మంత్రానికున్న కట్టు.”

“ఎరుపా? రంగే కదా! పోతే ఏం? ఇచ్చాను.”

జయకేతుడు అంగీ తొడుక్కున్నాడు. జొన్నవీడులో మిరపపళ్ళు పాలిపోయాయి. ఆడవాళ్ళ నుదుట కుంకుమ బూడిదలా అయింది.

అంగీ వచ్చాక పాత తలపాగా వెలవెలబోయింది. మాంత్రికుడు పసుపుపచ్చ తలపాగా తీశాడు. “రంగే కదా! ఇచ్చాను” అన్నాడు జయకేతుడు. పసుపుకొమ్ముల్లో రంగు పోయింది, బంతిపూలు పిండిముద్దల్లా అయ్యాయి.

తలపాగా వచ్చాక పాత ఉత్తరీయం వెలవెలబోయింది. మాంత్రికుడు ఆకుపచ్చ ఉత్తరీయం తీశాడు. “రంగే కదా! ఇచ్చాను” అన్నాడు జయకేతుడు. చేలు, గడ్డి, చెట్లు అన్నీ సున్నం కొట్టినట్టు తెల్లబడ్డాయి.

జయకేతుడు వెనక్కి తిరిగి చూడలేదు. గుర్రమెక్కి మణికుండం దారి పట్టాడు. దారంతా వణికాడు. గాలి చల్లగా ఉందనుకున్నాడు గానీ, ఆ బట్టల్లో రంగే తప్ప నూలుపోగు లేదని గుర్తించలేదు.

మర్నాడు గొర్రెలు గడ్డి వాసన చూసి వెనక్కి తిరిగాయి. ఆ మర్నాడూ అంతే. మూడోరోజు గొర్రెల కాపరి బీరయ్య పరుగున వచ్చాడు.

“చినబాబూ, ఒక్క జీవం మేయడం లేదు. ఇంకో పది రోజులు ఇలాగే ఉంటే మంద ఉండదు. మంద పోయాక మేమూ ఉండం.”

తోటలో జరిగినదంతా చెట్టు మీది నుంచి చూసిన గోరువంక ఒకటి ఉంది. దాని ముక్కులో పసుపు పోయింది. అది సుకేతుడి భుజం మీద వాలి ఉన్నదున్నట్టు చెప్పేసింది. సుకేతుడు వెంటనే మాంత్రికుడి మేడకు బయల్దేరాడు.

“నేనూ వస్తా” అంది పుంజు. దాని తురాయిలో ఎరుపు పోయింది. “నన్ను చూసి పెట్టలు ముసలమ్మా అంటున్నాయి. ఆ మాట పడి ఊళ్ళో ఉండలేను.”

“నేనూ వస్తా” అంది ఏటి తాబేలు. దాని డిప్ప మీద ఆకుపచ్చ పోయింది. “నేను లేకపోతే సముద్రాలు ఎలా దాటుతారు, ఈకలు తడుపుకునా?”

బీరయ్య తన భుజం మీది గొంగడి తీసి సుకేతుడికి కప్పాడు. “ముతకదే బాబూ. కానీ వాన దిగదు, చలి చొరదు.”

అందరూ తాబేలు వీపెక్కారు. ఉప్పు సముద్రం దాటారు. చెరుకురసం సముద్రంలో పుంజు ముక్కు ముంచబోతే తాబేలు కసిరింది. కల్లు సముద్రంలో ఎవరూ ముంచకుండా సుకేతుడు కసిరాడు. నేతి సముద్రం, పెరుగు సముద్రం, పాల సముద్రం దాటారు. చివరిది మంచినీళ్ళ సముద్రం. దాని గాలి ఎముకలు కొరికేంత చలి. దాని ఒడ్డునే మాంత్రికుడి మేడ.

మేడ అరుగు మీద మాంత్రికుడు పన్నెండు అంగీలు ఒకదాని మీద ఒకటి తొడుక్కుని గజగజ వణుకుతున్నాడు. అన్నీ రంగుతో అల్లినవే మరి! పక్కన రెండు కుండలు, ఒక చిలక పంజరం ఉన్నాయి. ఒక కుండలో ఎరుపు, ఒక కుండలో పసుపు. ఆకుపచ్చ మాత్రం చిలక ఒంటికి పూశాడు.

గోరువంక పంజరం చుట్టూ ఒక చుట్టు తిరిగి వచ్చి సుకేతుడి చెవిలో చెప్పింది. “వాడి ప్రాణం ఆ చిలకలోనే ఉంది. పంజరం వాకిలి తెరిచే ఉంది, దానికి తలుపే లేదు. లోపల అద్దం పెట్టాడు. ఆ చిలక పొద్దస్తమానం తన పచ్చదనం తాను చూసుకుంటూ తలుపు లేదన్న సంగతే గమనించలేదు.”

సుకేతుడు అరుగు మీద కూర్చున్నాడు. పుంజు గొంగడిలో దూరి, “అబ్బ, ఎంత వెచ్చగా ఉందో! చెమట పడుతోంది” అని మూలిగింది.

మాంత్రికుడు గొంగడి వైపు చూసి గుటకలు మింగాడు. “కుర్రాడా, దాన్ని నాకిస్తావా?”

“దీని ఖరీదు మీ తాహతు కాదు.”

“నా తాహతు కాదా! నేనెవరో తెలుసా?”

“అయితే ఆ ఎరుపు ఇవ్వండి. ఒకసారి ముట్టుకోనిస్తా.”

“రంగే కదా! ఇచ్చాను” అన్నాడు మాంత్రికుడు. ఎర్ర కుండ పగిలి, ఎరుపు జొన్నవీడు దారి పట్టింది. వాడు గొంగడి ముట్టుకున్నాడు. వేళ్ళకు ప్రాణం వచ్చినట్టయింది.

“పసుపు ఇస్తే ఒక కొస కప్పుకోనిస్తా.”

“రంగే కదా! ఇచ్చాను.” పసుపు కుండ పగిలింది. వాడి ఒక భుజం వెచ్చబడింది. దాంతో రెండో భుజానికి చలి మరింత ఎక్కువైంది.

“ఆకుపచ్చ ఇస్తే గొంగడి మొత్తం మీదే.”

మాంత్రికుడు చిలక వైపు చూశాడు. ఇచ్చేది రంగు, చిలకను కాదు కదా అనుకున్నాడు. “ఇచ్చాను” అన్నాడు.

“నేనూ ఇచ్చాను” అని సుకేతుడు గొంగడి కప్పాడు.

చిలక అద్దంలో చూసుకుంది. తెల్లటి పిట్ట కనబడింది. ముచ్చట తీరిపోయి అటు తిరిగింది. తలుపు లేదు! తుర్రుమని ఎగిరిపోయింది.

“ఓయ్! నా ప్రాణం, నా ప్రాణం!” అని మాంత్రికుడు వెంటపడ్డాడు. బరువుగా ఉందని గొంగడి విసిరేశాడు, సుకేతుడు దాన్ని తీసి భుజాన వేసుకున్నాడు. పన్నెండు అంగీలూ ఒక్కొక్కటే ముళ్ళకంపలకు తగులుకుని ఊడిపోయాయి. ఆ చిలక ఒక కొమ్మ మీద వాలేది కాదు, వాడికి ఒక చోట కూర్చునే యోగం లేదు. ఇప్పటికీ పరుగెత్తుతూనే ఉన్నాడు.

అదే వేళ మణికుండం సభలో హేమావళి జయకేతుడి ముందు ఆగింది. “రాకుమారా, ఈ అంగీ ఎవరు నేశారు?”

“ఎవరు నేస్తే ఏం? ఖరీదు అడగండి!” అన్నాడు జయకేతుడు.

అంతే. రంగులు జొన్నవీడుకు తిరిగిపోయాయి కదా, అంగీ మాయమైంది. తలపాగా మాయమైంది. ఉత్తరీయం మాయమైంది. గోచీతో మిగిలాడు. సభ గొల్లుమంది. జయకేతుడు పరుగెత్తి గుర్రాలసాలలో గడ్డిమోపు వెనక దాక్కున్నాడు.

సుకేతుడు తిరిగి వస్తూ మణికుండంలో ఆగి, అన్నను వెతికి పట్టుకున్నాడు. గొంగడి తీసి అన్నకు కప్పాడు. మేడ మీది నుంచి చూసిన హేమావళి కిందికి దిగివచ్చింది.

“మీకున్నది అదొక్కటే కదా, చలి వేయదూ?”

“వేస్తుంది. అన్నయ్యకు ఇంకా ఎక్కువ వేస్తోంది.”

“దాన్ని ఎవరు నేశారు?”

“మా బీరయ్య తాత. ఉన్ని ఇచ్చింది నల్లచుక్క. దానికి కాస్త పొగరు, ఎవరినీ దగ్గరికి రానివ్వదు.”

గొర్రె పేరు కూడా చెప్పిన రాకుమారుణ్ణి హేమావళి అంతవరకు చూడలేదు. నవ్వి, అంతవరకు ఎవరికీ వేయని స్వయంవరం దండ అతని మెడలో వేసింది.

జొన్నవీడులో గొర్రెలు కడుపారా మేశాయి. పుంజు పెట్టల ముందు పదిసార్లు అటూ ఇటూ తిరిగింది. గుణభద్రుడు రాజ్యాన్ని చిన్నకొడుకుకే అప్పగించాడు. సుకేతుడు, హేమావళి ఊరి మగ్గాల బట్టే కట్టి నిండు నూరేళ్ళు ఏలారు.

మరి జయకేతుడు? రంగులన్నీ అందరికీ తిరిగి వచ్చాయి, అతనికి తప్ప. తన నోటితో ఇచ్చినవాడి కళ్ళకు అవి మళ్ళీ కనబడలేదు. మిరపపండు, పసుపుకొమ్ము, లేత చిగురు అతనికి అన్నీ గోనెసంచిలాగే ఉండేవి. బుద్ధి తెచ్చుకుని మగ్గం నేర్చుకున్నాడు. తమ్ముడి పెళ్ళికి పెళ్ళికూతురి చీర తనే నేశాడు. ఏ నూలు కండె ఏ రంగో ఊరి పిల్లలు పక్కన కూర్చుని చెబితేనే నేయగలిగాడు.

పీటల మీద హేమావళి ఆ చీర కట్టుకుని కూర్చుంటే, చూసినవాళ్ళు కళ్ళు తిప్పుకోలేకపోయారు. జయకేతుడు పక్కనున్న పిల్లను మెల్లగా అడిగాడు.

“ఎర్రగా ఉందా అమ్మా?”

“చాలా ఎర్రగా ఉంది మామయ్యా!”

“అలాగా” అన్నాడు.