దిగకుండా తెరిచిన తూము

దగ్గరికి జరగండి. దుప్పటి నీకొక అంచు, వాడికొక అంచు. ఊ కొట్టేది ఒక్కరు కాదు, ఇద్దరూ కొట్టాల. ఊ ఆగిందంటే కథ కూడా ఆగిపోతుంది, నాకు తెలీదు మరి.

అనగనగా, మీ తాతకు తాత కూడా పుట్టని కాలంలో, రెండు గుట్టల నడుమ ఒక పెద్ద చెరువు, ఆ చెరువు కింద రేగులపల్లె అని ఒక ఊరు ఉండేది.

చెరువంటే కట్ట ఉంటుంది, కట్టకు తూము ఉంటుంది. తూమంటే ఏందో మీకు తెలీదు గదా. చెరువులో నీళ్ళు పొలాలకు పోయే బొక్క అది. కట్ట అడుగున, నీళ్ళ లోపల, ఒక బండకు మనిషి తల పట్టేంత బొక్క పెట్టి, దానికొక కొయ్యమొద్దు బిగించి ఉంటారు. ఆ మొద్దు తీస్తే తూము పారుతుంది. తూము పారితే కాలువ నిండుతుంది, కాలువ నిండితే మడి తడుస్తుంది, మడి తడిస్తే నారు లేస్తుంది, నారు లేస్తే వరి పండుతుంది, వరి పండితే కుండ ఉడుకుతుంది, కుండ ఉడికితే ఊరు బతుకుతుంది. అంతా ఆ మొద్దు దగ్గరే ఉంది. మరి ఆ మొద్దు తీసేదెట్ల? మనిషే దిగాల. ఊపిరి బిగబట్టి, రెండాళ్ళ లోతుకు మునిగి, బురదలో చేత్తో తడుముకొని, మొద్దు పెరికి, నీళ్ళ ఈడ్పు తనను లాగేలోపల పక్కకు తప్పుకోవాల. ఊ కొడుతున్నారా?

ఆ పని చేసేవాణ్ణి నీరుగట్టి అంటారు. రేగులపల్లెలో ఆ పని ఒక్క ఇంటిదే. ఆ ఇంటి పెద్దామె పేరు ఓబుళమ్మ. ఆమె మొగుడు తూములో దిగి చచ్చిపోయినాడు. ప్రాణం పోయినందుకు బదులుగా, రాజు నెత్తురు మాన్యమని ఒక మడి ఇచ్చినాడు. ఆ తర్వాత పెద్దకొడుకు తిమ్మప్ప దిగినాడు. పదేండ్లు దిగి పదేండ్లూ పైకొచ్చినాడు, పదకొండో ఏడు దిగినోడు రాలేదు. శవం కూడా తేలలేదు. రాజు ఇంకో మడి ఇచ్చినాడు. ఇంక ఆ ఇంట్లో మిగిలింది చిన్నకొడుకు సుంకన్న, తిమ్మప్ప పెండ్లాం నాంచారి. మన కథ ఈ నాంచారిది.

తిమ్మప్ప పోయినప్పటినుంచి తూము పాడైంది. తెరుచుకోలేదు, మూసుకోలేదు. పసిపిల్లోడు ఉచ్చ పోసినట్టు సన్నగా కారేది. నవ్వకండి, ఆ ఊరోళ్ళకు నవ్వు రాలేదు. కాలువ మొదట్లో నాలుగు మళ్ళు తడిసేవి, కొసమళ్ళు నోరు తెరుచుకొని ఎండిపోయేవి. తిమ్మప్ప దయ్యమై తూముకు అడ్డం కూర్చున్నాడని ఊరంతా అనేది. నాంచారి బావికి పోతే ఆడోళ్ళు బిందెలు పక్కకు జరుపుకునేవాళ్ళు. ఒకామె అయితే, నీ మొగుడికి నువ్వన్నా చెప్పి నీళ్ళు వదిలించరాదా అని మొహం మీదే అడిగింది. నాంచారి బిందె నింపుకొని వచ్చేసింది.

ఓబుళమ్మ మటుకు రోజూ పొద్దున్నే కట్ట మీదికి పోయి, ఒక సంగటిముద్ద నీళ్ళలో వేసి, కొడుకుతో మాట్లాడి వచ్చేది. ఏం మాట్లాడేదంటారా? ఆవు ఈనిందిరా, కోడెదూడ పుట్టిందిరా అని. ఇంటి సంగతులు. అంతే.

ఆ ఏడు పైరు ఎండిపోయింది. మరుసటి ఏడు చెరువు నిండింది గానీ తూము పారలేదు. రాజు చాటింపు వేయించినాడు. ఉగాదిలోపల సుంకన్న దిగి తూము తెరవాలంట.

సుంకన్న కాదనలేదు. పెరట్లో నీళ్ళతొట్టిలో తల ముంచి, ఊపిరి బిగబట్టేది నేర్చుకోవడం మొదలుపెట్టినాడు. ఆ పక్కనే నాంచారి జొన్నలు దంచుతా ఉండేది. రోకటిపోట్లతో లెక్క. మొదటి దినం పది పోట్లు ఆగినాడు. ఇంకో దినం పదిహేను. ఒక దినం తల ఎత్తి, ముక్కులోనుంచి నీళ్ళు కారుతా, ఇరవై అయినాయా వదినా అని అడిగినాడు. అయినాయి అనింది నాంచారి. ఆమె మొగుడికి నలభై దాకా దమ్ముండేది. నలభై పోట్ల దమ్మున్నోడే రాలేదు. ఇంక ఆమెకు చెయ్యి లేవలేదు. రోకలి రోట్లో పెట్టి, దాన్ని పట్టుకొని అట్లనే నిలబడిపోయింది. చెయ్యేమో పైనుంది, రోకలి కొసకున్న ఇనుప పొన్నేమో అడుగునుంది. రోట్లో జొన్నలు దంచేదానికి మనం రోట్లోకి దిగుతామా? దిగం గదా. ఆమెకు అదే తట్టింది.

తెల్లారి రోకలి భుజాన వేసుకొని కోటకు పోయింది. రాజు చెడ్డోడు కాదు, కాస్త మందబుద్ధి. అడుగున బొక్క ఉన్న నీళ్ళ గాబును గుడ్డతో బిగించి, నిండా నీళ్ళు పోయించి, చెయ్యి తడవకుండా ఆ గుడ్డ తియ్యమని రాజునే అడిగింది నాంచారి. రాజు కట్టెతో పొడిచినాడు, కత్తితో గెలికినాడు, చివరికి మోచేతుల దాకా తడిసి గుడ్డ పెరికినాడు. అప్పుడామె రోకలి కొసకు గుడ్డ చుట్టి, పైనుంచి దించి బొక్కలో పెట్టింది. నీళ్ళు ఆగినాయి. ఎత్తింది. పారినాయి. రాజు ఆ రోకలి లాక్కొని, దించుతా ఎత్తుతా, అన్నం వేళ దాకా ఆడుకున్నాడంట.

ఆట అయినాక, చెరువులో ఇది కట్టేదెట్ల అని అడిగినాడు. చెరువు ఖాళీ చెయ్యాల సామీ, అనింది నాంచారి. పూడిక తియ్యాల, పాత బండ పెరకాల, కొత్త బండ పెట్టాల, నీళ్ళకు పైదాకా రాతికంబాలు నిలపాల, ఆ కంబాల నడుమ రోకలి మాదిరి పొడుగాటి కోలలు దించాల. రాజు నవ్వు ఆగిపోయింది. చెరువు ఖాళీ అయితే ఇంకో పైరు పోయినట్టే. ఊరు ఒప్పుకుంటే రాళ్ళూ రాతిపనివాళ్ళనూ నేనిస్తా, ఒప్పుకోకపోతే సుంకన్న దిగాల్సిందే అన్నాడు.

ఊరు ఒప్పుకుంటుందా? కాలువ మొదట్లో మళ్ళున్నోళ్ళు కయ్యిమన్నారు. ఆ నాలుగు మళ్ళు కూడా ఎండబెడతావా అన్నారు. మొగుణ్ణి మింగింది, ఊరినీ మింగుతుందన్నారు. నాంచారి అందరూ అరిచేదాకా ఊరుకొని, ఒక్కటే అడిగింది.

"సుంకన్న కూడా రాకపోతే, ఆ తర్వాత ఎవరింటి వంతు?"

ఒక్కొక్కడూ ఇంట్లో తన కొడుకును తలుచుకున్నాడు. కొసమడి రైతు ఒకాయన లేచి, మాకెట్లాగూ నీళ్ళు లేవు, కానీండి అన్నాడు. ఆయన వెనక ఇంకొకడు, వాడి వెనక ఇంకొకడు.

ఊరు ఒప్పుకునింది. ఇంట్లో ఓబుళమ్మ ఒప్పుకోలేదు. వాకిట్లో కూలబడి కోడలి కొంగు పట్టుకునింది.

"నీళ్ళు తీసేస్తే నా కొడుకు యాడుంటాడే?"

నాంచారి పక్కన కూర్చునింది. కొంగు విడిపించుకోలేదు. "ఆయన ఆడ లేడని నేననను అత్తా. ఉంటే మటుకు ఒక్కడే ఉన్నాడు. ఇంటికి తెచ్చుకుందాం" అనింది. ముసలామె తెల్లారి కట్ట మీదికి పోలేదు.

ఊ కొట్టండి నాయనా. నిద్రొస్తోందా? కొంచెమే ఉంది.

చెరువు నిండితే నీళ్ళు పొర్లిపోయే మరవను అడుగుదాకా కొట్టేసి నీళ్ళు వదిలేసినారు. అంత నీళ్ళు ఉత్తపుణ్యానికి వాగులో కలిసిపోతా ఉంటే మగోళ్ళు కూడా కండ్లు తుడుచుకున్నారు. ఆ ఎండాకాలం చెప్పగూడదు. కుండలు బోర్లించినారు. చింతగింజలు వేయించుకొని తిన్నారు, గడ్డలు తవ్వుకున్నారు, గొడ్లను ఊళ్ళకు ఊళ్ళు దాటించి తోలినారు. ఊళ్ళో ముసలోళ్ళు ఇద్దరు వానలు చూడకుండానే పోయినారు. పోయినోళ్ళ మనుషులు నాంచారి వైపు చూసేవాళ్ళు, ఆమె తల వంచుకొని తట్ట ఎత్తుకునేది. పొద్దు పొడిచింది మొదలు పూడిక తవ్వడం, తట్టకెత్తడం, ఎండిన మళ్ళలో పొయ్యడం. తవ్వడం, ఎత్తడం, పొయ్యడం. అదే పని, అదే ఆకలి.

చివరికి తూము దగ్గర గుంటలో మాత్రమే నీళ్ళు మిగిలినాయి. వాటిని గూడవేసి, తాళ్ళు కట్టిన బుట్టతో ఇద్దరిద్దరు ఎత్తిపోస్తా, మూడు దినాలు తోడినారు. మూడో దినం సుంకన్న బురదలో దిగి తడిమినాడు. తడిమి, ఆగిపోయినాడు. వదినా అని పిలిచినాడు, గట్టిగా కూడా కాదు.

తిమ్మప్ప ఆడనే ఉన్నాడు. కుడిచెయ్యి భుజం దాకా తూములో ఇరుక్కొని ఉంది. మొద్దు పెరికినాడు గానీ చెయ్యి వెనక్కి రాలేదు. బురద వచ్చి మీద పేరుకునింది. ఆ ఎముకలూ ఆ బురదే తూముకు అడ్డం. ఊరోళ్ళు ఆయన దయ్యమై అడ్డం కూర్చున్నాడన్నారే, ఆయన బయటికి రాలేక అడ్డం పడినాడు.

ఊరంతా గుంట చుట్టూ నిలబడింది. బావి దగ్గర ఆ మాటన్న ఆమె కొంగు నోట్లో కుక్కుకునింది. ఓబుళమ్మ గట్టు దిగి వచ్చింది. ఒక్కొక్క ఎముకా తానే కడిగింది. నాంచారి చీర చెంగు పరిచి పట్టుకునింది. ఏడ్చినారా అంటే, అప్పుడు ఏడవలేదు. దహనం చేసి ఇంటికొచ్చి, ఇద్దరూ ఒకే కంచంలో గంజి తాగినారు.

రాతిపనివాళ్ళు పాత బండ పెరికేసినారు. పెద్దబొక్క ఒకటి కాదు, పిడికిలంత బొక్కలు మూడు పెట్టినారు, ఒకటి పూడిపోతే ఇంకోటి పనికొస్తుందని. మూడింటికీ మూడు కోలలు. కట్టమీదనుంచి కంబాల దాకా నడిచిపోయేదానికి బండల వంతెన.

వానలు ఆలస్యంగా వచ్చినాయి. వచ్చినాయి గదా, అదే చాలు. చెరువు నిండింది. తూము తెరిచే దినం ఊరంతా కట్ట మీదికి వచ్చింది గానీ ఎవరూ ఆ వంతెన మీద కాలు పెట్టరు. తరతరాల భయం అది. సుంకన్న పోబోయినాడు. ఓబుళమ్మ వాణ్ణి పక్కకు జరిపి, చీర కొంచెం ఎత్తి పట్టుకొని, బండల మీద నడిచిపోయింది. నాంచారి వెనకాలే పోయింది. ముసలామె రెండు చేతులతో కోల పట్టి లాగింది. రాలేదు. కాలు కంబానికి తన్ని పెట్టి ఇంకోసారి లాగింది. జానెడు పైకొచ్చింది. అడుగున గుడగుడమని చప్పుడైంది, కట్టకు అవతల కాలువలో నీళ్ళు దూకినాయి.

ముసలామె ఆ కోలను చూసింది, తన చేతులు చూసుకునింది.

"ఇంతేనా నాంచారీ?"

"ఇంతే అత్తా."

అప్పుడు ఓబుళమ్మ ఆ బండ మీదనే కూర్చొని ఏడ్చింది. మొగుడికీ కొడుక్కీ కలిపి ఏడ్చింది. నీళ్ళు కాలువ నిండి, మొదటి మడి తడిపి, నడిమి మడి తడిపి, కొసమడికి చేరేదాకా ఏడుస్తానే ఉంది. నాంచారి ఆమె వీపు నిమురుతా కూర్చునింది. కొసమళ్ళలో ఆ ఏడు వరి పండింది. సుంకన్న నీరుగట్టి పని ముసలోడయ్యేదాకా చేసినాడు, ఇంటిల్లిపాదీ కడుపునిండా తిన్నారు, ఆ ఇంటికి మళ్ళీ నెత్తురు మాన్యం రాలేదు.

కాబట్టి అమ్మా, ఏ పనైనా మనిషిని తింటా ఉంటే తలరాత అనుకొని ఊరుకోగూడదు. ఆ పని చేసే తీరు మార్చుకోవాల. మార్చేదానికి ఒక మనిషి పోయేదాకా ఆగగూడదు.

సరే, కథేమో కంచి దారి పట్టింది. మీరు కండ్లు మూసుకోండి.