నేల మీదికి దిగిన పటం

హైమవతి టీచరుకు ఆ ఉదయం కాలు నేల మీద నిలవడం లేదు. మధ్యాహ్నం రెండింటికి జిల్లా నుంచి పరిశీలకుడు వస్తున్నాడు. ఏడో తరగతికి ఆమె చెప్పే డిజిటల్ పాఠం ఆయనకు నచ్చితే, దాన్ని వీడియో తీయించి జిల్లాలోని బడులన్నిటికీ పంపిస్తారు. తాళ్ళవలస బడికి అలాంటి గౌరవం ఇంతవరకూ దక్కలేదు. మూడు నెలల ఆదివారాలు ఆమె ఈ పాఠానికే ధారపోసింది. ఎంపిక కావాలని ప్రాణం కొట్టుకుంటోంది, అందులో దాపరికమేమీ లేదు.

చిన్నప్పుడు తనకు సాంఘికశాస్త్రం చెప్పిన గవరయ్య మాస్టారిని పొద్దున్నే పిలిపించుకుంది. దీవెన కోసమని చెప్పింది గాని, అసలు సంగతి చూపించుకోవాలన్న ముచ్చటే. మాస్టారు వచ్చి, వెనక బెంచీలో పిల్లల మధ్య సర్దుకుని కూర్చున్నాడు.

తెర బాగా కనబడాలని హైమవతి కిటికీలన్నీ మూసింది. ప్రొజెక్టర్ వెలగగానే గోడకు కట్టిన తెల్లగుడ్డ మీద భూగోళం గిర్రున తిరిగింది. అది దేశమైంది, జిల్లా అయింది, చివరికి ఆకాశం నుంచి తీసిన వాళ్ళ మండలం ఫొటో అయి ఆగింది. పొలాలు, ఏరు, రైలు కట్ట, బడి, దాని పక్కన నల్లకొండ. పిల్లలు చప్పట్లు కొట్టారు.

తరవాత ప్రశ్నలు. ఒక్కొక్కరి చేతిలో నల్లగళ్ళు అచ్చువేసిన అట్టముక్క ఉంది. దాన్ని ఎటు తిప్పి పట్టుకుంటే అది జవాబు. టీచరు ఫోను కెమెరా వాళ్ళ వైపు తిప్పితే చాలు, ఎవరిది ఒప్పో ఎవరిది తప్పో తెర మీద పడిపోతుంది.

"మన బడికి ఉత్తరాన ఉన్నదేది?" అని అడిగింది హైమవతి.

నల్లకొండ. ఆ పూట వచ్చిన ముప్ఫై తొమ్మిది మంది పేర్లూ ఆకుపచ్చగా వెలిగాయి. ఆమె మాస్టారి వైపు చూసింది. ఆ గర్వం గదిలో పట్టేటట్టు లేదు.

"నేనొకటి అడగొచ్చా అమ్మాయ్?" అన్నాడు మాస్టారు లేచి.

"అయ్యో, అడగండి మాస్టారూ."

"ఉత్తర దిక్కు ఎటర్రా? వేలు పెట్టి చూపించండి."

ముప్ఫై తొమ్మిది వేళ్ళూ ఒక్కసారిగా లేచాయి. అన్నీ ఇంటికప్పు వైపే.

మాస్టారు నవ్వలేదు. ఆయనా తలెత్తి, వాళ్ళు చూపించిన చోట శ్రద్ధగా వెతికాడు. అక్కడ ఒక ఫ్యానూ, దాని మీద సాలెగూడూ ఉన్నాయి.

హైమవతికి తల కొట్టేసినట్టయింది. గోడ మీది పటంలో ఉత్తరం పైనే ఉంటుంది మరి. మూడు నెలలుగా తను పైకే చూపిస్తోంది, పిల్లలు పైకే నేర్చుకున్నారు. వాళ్ళ మీద కోపం తెచ్చుకోవడానికి కూడా దారి లేకపోయింది.

"ఇదంతా కట్టిపెట్టి నల్లబల్ల మీదే చెప్పమంటారా?" అంది.

"నల్లబల్ల మాత్రం గోడకి లేదూ?" అన్నాడాయన. "నా సర్వీసంతా వెతికినా ఇంత మంచి పటం నాకు దొరకలేదమ్మా. దించు."

అంటూనే తెర విప్పడానికి తనే బెంచీ ఎక్కబోయాడు. పిల్లలు గబగబా అడ్డం వచ్చి తెల్లగుడ్డ విప్పారు. నేల మీద పరిచారు. హైమవతి బల్ల మీద బల్ల వేయించి, ప్రొజెక్టర్ ముఖం కిందికి వంచి, జారిపోకుండా తాడుతో కట్టింది. మాస్టారు కొండ వైపున్న కిటికీ ఒక్కటి తెరిచాడు. బయటి నల్లకొండను ఒకసారి, నేల మీది నల్లకొండను ఒకసారి చూసుకుంటూ, రెండూ ఒకే వైపుకు వచ్చేదాకా బల్లలు జరిపించాడు.

"ఇప్పుడు ఎవరి ఊరి మీద వాళ్ళు నిలబడండి."

ఒక్కరూ కదల్లేదు. పుస్తకానికి కాలు తగిలితేనే కళ్ళకద్దుకునే పిల్లలు, పటాన్ని ఎలా తొక్కుతారు? మాస్టారు చెప్పులు విడిచాడు. వంగి నేలను ముట్టి కళ్ళకద్దుకుని, ముందు తనే కాలు పెట్టాడు. ఆ తరవాత పిల్లలను ఆపడం ఎవరి తరమూ కాలేదు. పొలాలు వాళ్ళ పాదాల మీదికి ఎక్కాయి. రైలు కట్ట ఒకడి మోకాలి మీదుగా పోయింది.

"టీచర్! బొమ్మలో కొండ ఇటుంది, బయట కొండా ఇటే ఉంది!" అని కేకేసింది ఒక పిల్ల. "అయితే మా ఊరు నిజంగా అటేనేటి?"

"అటే" అంది హైమవతి.

రెండు గంటలకు పరిశీలకుడు వచ్చాడు. గుమ్మంలో ఆగి ఖాళీ గోడను చూశాడు.

"డిజిటల్ పాఠమన్నారు. తెర ఏదమ్మా?"

"కింద ఉంది సార్. బూట్లు విడిచి రండి."

ఆయన కాస్త ఇబ్బందిపడుతూనే బూట్లు విప్పి, వెళ్ళి వెనక బెంచీలో కూర్చున్నాడు. అట్టముక్కలు బల్ల మీద సిద్ధంగా ఉన్నాయి. అవి పంచితే ఆకుపచ్చ పేర్లు వరసగా వెలుగుతాయి, పరిశీలకుడు సంతోషంగా వెళ్ళిపోతాడు. హైమవతి చెయ్యి అటు వెళ్ళబోయి ఆగింది.

"ఉత్తర దిక్కు ఎటు? చూపించండి" అంది.

ముప్ఫై తొమ్మిది వేళ్ళు కొండ వైపు తిరిగాయి. ఒక్క వేలు మాత్రం ఇంటికప్పును చూపించింది. అది పైడితల్లిది. పొద్దున తల్లితో ఆసుపత్రికి వెళ్ళి, భోజనాల వేళకు బడికొచ్చింది పాపం. చుట్టూ కిసుక్కున నవ్వులు వినబడగానే ఆ వేలు ముడుచుకుపోయింది.

పరిశీలకుడు కాగితం మీద ఏదో రాసుకున్నాడు. "ఎంతమంది సరిగ్గా చెప్పినట్టమ్మా?" అని అడిగాడు.

హైమవతి ఆయన వైపు తిరగలేదు. పైడితల్లి చెయ్యి పట్టుకుని పటం మీదికి తీసుకొస్తోంది.

"ముప్ఫై తొమ్మిది సార్. నలభయ్యో అమ్మాయి దారిలో ఉంది."

పైడితల్లి వెతికి వెతికి, వాళ్ళ వాడ మీద పాదం పెట్టింది. తలెత్తి కిటికీలోంచి చూసింది. మళ్ళీ కిందికి చూసింది. టీచరు జవాబు అందించలేదు, తొందరపెట్టనూ లేదు. పాఠానికి ఇచ్చిన సమయం అయిపోయింది. పరిశీలకుడు గడియారం చూసుకున్నాడు. ఇక ఎంపిక మాట దేవుడెరుగు, హైమవతికి ఆ క్షణాన ఎదురుగా ఉన్న చిన్న ముఖం తప్ప ఇంకేమీ కనబడటం లేదు.

పైడితల్లి చెయ్యి మెల్లగా లేచింది. ఈసారి కొండ వైపు.

"భలే!" అంది హైమవతి. పిల్లలంతా చప్పట్లు కొట్టారు.

పరిశీలకుడు కలం మూత పెట్టి, పక్కనున్న ముసలాయన్ని అప్పుడు గమనించాడు.

"మీరెవరండీ?"

గవరయ్య మాస్టారు నడుం నిటారు చేసుకుని కూర్చున్నాడు. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో తనెవరో చెప్పుకోవలసిన అవసరం ఆయనకు ఎన్నడూ రాలేదు.

"హైమవతి టీచరు గారి మాస్టారినండి" అన్నాడు.