పూలబాట మీద పల్లకీ

ఒకానొక రాజ్యంలో మంచి వార్తకు తప్ప కోటలో చోటు లేదు. చెడ్డ వార్త తెచ్చినవాడికి కొరడా దెబ్బలని రాజు విక్రమభూపతి శాసనం. పాపం, పుట్టుకతో చెడ్డవాడేం కాదు. ఒకే ఏడాదిలో పంటలు పోయాయి, పొరుగురాజు సరిహద్దు మీద పడ్డాడు, నమ్ముకున్న సేనాపతి కన్నుమూశాడు. ఇక వినే ఓపిక లేక చెవులు మూసుకున్నాడు. దానికి ధైర్యమని పేరు పెట్టుకున్నాడు.

ఆ శ్రావణంలో వాన ఆగలేదు. ఏటిగట్టు బీటవారింది. రాజుగారి మామిడితోట వైపు గండి కొడితే నీళ్లు అటు మళ్లి, గట్టు కిందున్న నేతపేట బతుకుతుంది. కానీ రాజముద్ర లేనిదే గట్టు మీద గడ్డపార పడకూడదు. ఆ మాట చెప్పబోయిన గట్టు కావలివాణ్ణి, సగంలోనే నోరు నొక్కి కొరడాలకు అప్పగించారు. మంత్రులు అది చూసి నోళ్లు కుట్టేసుకున్నారు. రాజేమో మనసు బాగాలేదని కొండమీది విడిదికి బయల్దేరాడు.

ఆస్థానంలో గవరయ్య అనే విదూషకుడు ఉండేవాడు. అతని అక్క కాపురం నేతపేటలోనే. అతను పల్లకీ దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

"ప్రభూ, ముందు బోయీకి ఒళ్లు బాగాలేదు. వాడి బదులు నేను భుజం పెడతాను."

"నీకు బరువు మొయ్యడం తెలుసట్రా?"

"రాజ్యభారం మోసే తమరిని చూసి నేర్చుకున్నాను ప్రభూ!"

రాజు మీసం దువ్వుకుని పల్లకీ ఎక్కాడు.

పల్లకీ మోతకు ఒక పద్ధతి ఉంది. వెనక బోయీలకు దారి కనబడదు. ముందువాడు "రాయి", "గుంట" అని కేకేస్తే, దాన్నిబట్టి వాళ్లు అడుగేస్తారు. గవరయ్య మాత్రం అదేపనిగా "పూలబాట! పూలబాట!" అని అరిచాడు.

వెనకవాడికి రాయి తగిలింది. రాజు తల కొయ్యకు ఠంగుమని కొట్టుకుంది.

"ఏమిట్రా అది?"

"పూలబాటే ప్రభూ!"

కాస్త దూరం పోయాక మోకాటిలోతు గుంట. బోయీలు కూలబడ్డారు. రాజు కిరీటంతో సహా బురదలో పడ్డాడు.

"గాడిదా! గుంట ఉందని చెప్పొద్దూ?"

"చెడ్డ వార్త కదా ప్రభూ. చెబితే కొరడా దెబ్బలాయె."

"చెబితేనే కదరా తప్పించుకునేది!"

"అయితే ఏటిగట్టు సంగతి కూడా చెప్పమంటారా?" అన్నాడు గవరయ్య. అంతా చెప్పాడు.

రాజు బురదలోనే కూర్చుండిపోయాడు. "ఏం చెయ్యాలో నాకు తెలియడం లేదు గవరయ్యా. ఎన్నాళ్లనుంచో తెలియడం లేదు."

"మాకూ తెలియదు ప్రభూ. కనబడినదేదో మేం కేకేస్తాం. అడుగు తమరు వెయ్యండి."

రాజు ముద్రికను వేలి నుంచి తీసి ఇచ్చాడు. ఆ పూటే గండి పడింది. మామిడితోట మునిగింది. నేతపేటలో పై వీధి దక్కింది. కింది వీధి అప్పటికే ఏట్లో కలిసిపోయింది. గవరయ్య అక్కది కింది వీధి.

మర్నాడు రాజు శాసనం రద్దు చేశాడు. బురద స్నానం తలుచుకుని తనమీద తానే పకపకా నవ్వాడు. సభ కూడా నవ్వింది. మెడలోని ముత్యాలహారం తీసి గవరయ్య మెడలో వేసి, "ఇంకేం కావాలో కోరుకో, ఇస్తాను" అన్నాడు.

గవరయ్య చేతులు జోడించాడు.

"నిన్నటి పొద్దు ఇప్పించండి ప్రభూ."

రాజు నవ్వు ఆగిపోయింది.