పదకొండో వీడియో

నా గ్రాఫు చూసుకుని నేను మురిసిపోయిన మాట నిజం. మూడేళ్ల పరిశోధన, చివరికి స్కేలు పెట్టి గీసినట్టు ఒక్క గీత. బతికున్న కణం లోపల రేణువులు ఎలా తిరుగుతాయో నా ప్రోగ్రాం లెక్కకట్టి తేల్చేసింది. వ్యాసం పంపడానికి ఇక మా గైడు వైదేహి మేడం సంతకం ఒక్కటే తక్కువ. వ్యాసం ఆవిడ టేబుల్ మీద పెట్టి వచ్చాను. మర్నాడు పొద్దున్నే పిలిచారు.

"గౌర్నాయుడూ, ఇది ఉత్త నీళ్లలో రేణువులకి వచ్చే గీతలా ఉందే?"

"అవును మేడం, అంత శుభ్రంగా వచ్చింది!"

"అంత శుభ్రంగా రావడానికి ఎన్ని పారేశావు?"

"నూటికి అరవై. అవి కదలనివి మేడం. గాజుపలకకి అతుక్కుపోయినవో, చచ్చిన కణాల్లోవో. అలాంటివాటిని ప్రోగ్రామే ఏరేస్తుంది."

"ఎవరు తీసిన వీడియోలవి?"

"ఎక్కువ ఎస్తేరువే."

ఎస్తేరు నాకు జూనియర్. బొబ్బిలి పిల్ల. మైక్రోస్కోపు ముందు కూర్చుందంటే టీకి పిలిచినా లేచేది కాదు. అలా తీసిన వీడియోల్ని నా ప్రోగ్రాం ఒక్కటీ ఒప్పుకునేది కాదు. "నీ చెయ్యి మంచిది కాదమ్మా, కణాల్ని చంపేస్తున్నావు" అన్నాను ఒకరోజు, అందరి ముందూ. "కదులుతున్నాయి అన్నయ్యా, నేను కళ్లారా చూశాను" అంది. "నీ కళ్లెవడిక్కావాలి, లెక్క కావాలి" అన్నాను. ఛీ, ఎంత పొగరు! మేడం కూడా నా మాటే నమ్మారు. ఆర్నెల్లు తిరక్కుండా ఆ పిల్ల పరిశోధన మానేసి ఇంటికి వెళ్లిపోయింది. రెండేళ్లయింది.

మేడం లేచారు. వెనకటి రోజుల్లో పాఠాలు చెప్పడానికి వాడిన పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు ఒకటి బీరువాలోంచి తీసి, నా కంప్యూటర్ తెర మీద టేపుతో అంటించారు. మార్కరు నా చేతిలో పెట్టారు.

"పారేసినవాటిలో పదకొండో వీడియో పెట్టు. ఒక్క రేణువునే చూడు. అది ఎక్కడుంటే అక్కడ చుక్క పెడుతూ పో."

"అది ప్రోగ్రాం చేస్తుంది కదా మేడం."

"నువ్వు చెయ్యి."

గొణుక్కుంటూ కూర్చున్నాను. వీడియో నెమ్మదిగా నడుపుతూ చుక్కలు పెట్టాను. మొదటి నలభై చుక్కలూ ఒక్కచోటే, శనగగింజంత మేరలో పడ్డాయి. చూశారా, అతుక్కుపోయింది అనబోతున్నాను. అంతలో రేణువు పక్కకి దూకింది. అక్కడ మళ్లీ కాసేపు గింగిరాలు కొట్టింది. మళ్లీ దూకింది. భోజనాల వేళకి షీటు మీద ఏడు గుంపులు తేలాయి.

చచ్చిన కణంలో రేణువు ఇలా దూకదు. గాజుకి అతుక్కున్నది అసలే దూకదు.

మేడం తన సొరుగులోంచి ఒక గోధుమరంగు కవరు తెచ్చారు. అందులో ఇంకో షీటు ఉంది. అదే కణం ఫోటో, తెర మీది సైజులోనే. వీడియో తీశాక లోపలి పోగులకి రంగు పట్టించి తీసింది. మేడం దాన్ని తెచ్చి నా చుక్కల మీద పరిచారు. ఏడు గుంపుల్లో ఆరు, పోగుల మధ్య కంతల్లో సరిగ్గా కూర్చున్నాయి.

కణానికి లోపల అస్థిపంజరం ఉంటుంది, అది సన్నటి పోగుల వల, రేణువు దాని కంతలో చిక్కుకుంటుంది, పోగు సడలితే పక్క కంతలోకి పోతుంది. ఈ పాఠం డిగ్రీ పిల్లలకి నేనే చెప్పాను. ప్రోగ్రాం రాసేటప్పుడు మాత్రం కణమంటే నీళ్లసంచీ అనుకున్నాను.

కవరు మీద గుండ్రటి అక్షరాలు. "పదకొండో వీడియో. మేడం, ఒక్కసారి చూడండి."

"వెళ్లేరోజు నాకిచ్చి వెళ్లింది" అన్నారు మేడం. "రెండేళ్లూ విప్పలేదు. నిన్న నీ గీత చూశాక విప్పాను."



అక్కడికక్కడే ఎస్తేరుకి ఫోన్ చేశాను. బొబ్బిలిలో రక్తపరీక్షల సెంటర్లో పనిచేస్తోందని విన్నాను.

"ఎస్తేరూ, నీ వీడియోలో రేణువు కదిలిందమ్మా."

 

"ఎన్నోది అన్నయ్యా?"

"పదకొండోది."

"అదొక్కటే కాదు. అన్నీ కదిలాయి."

"నాది తప్పమ్మా. మళ్లీ వచ్చెయ్. మేడం కూడా ఇక్కడే ఉన్నారు..."

"బయట జనం వెయిట్ చేస్తున్నారు అన్నయ్యా. రక్తం తియ్యాలి. ఉంటాను."

కోపంగా అన్నా బాగుండేది. మామూలుగానే అంది.

మేడం నా వ్యాసం మొదటి పేజీ చింపి పక్కన పెట్టారు. ఓ తెల్లకాగితం నా ముందుకి జరిపారు.

"ఈ పని ఎవరిదో వాళ్ల పేరు రాయి."

ఎస్తేరు పేరు రాశాను. కింద బోలెడు చోటుంది.

"తర్వాత మీ పేరేనా మేడం?"

"నాది రాయకు."

నా పేరూ రాయకుండా మార్కరుకి మూత పెట్టేశాను.