ఎర్నమ్మ ఇంటికి రాబోయిన క్రిప్టో నాణేలు

దుంపలవలసలో తెలివి ఎవరింట్లో ఉందీ అని అడిగితే, ఎర్నమ్మ ఇంట్లోవాళ్ళు ముగ్గురూ ఒకేసారి చెయ్యెత్తుతారు. మొగుడు కొండలరావు తెలివైనవాడు. మరిది గౌరునాయుడు ఇంకా తెలివైనవాడు. వాళ్ళిద్దరికీ బుద్ధి చెప్పేది తనే కాబట్టి తను అందరికన్నా తెలివైనది. ఇదీ ఎర్నమ్మ లెక్క.

పాడిగేదె ముసలిదైపోతే అమ్మేసి, కొత్తది కొనడానికి ఆ డబ్బు బ్యాంకులో వేశారు. ఆ వారమే గౌరునాయుడి ఫోన్లోకి ఓ వీడియో వచ్చింది. కోటు వేసుకున్న కోటీశ్వరుడొకడు నవ్వుతూ, "ఒక్క క్రిప్టో నాణెం పంపండి, రెండు తిరిగి పంపిస్తాను" అంటున్నాడు. కింద ఫోన్ నంబరు.

"ఒక గేదె డబ్బు పంపితే రెండు గేదెలొస్తాయి వదినా!" అన్నాడు గౌరునాయుడు. ఇంకేముంది, ఎర్నమ్మ ఫోన్ కొట్టించింది.

అవతల గొంతు తియ్యగా ఉంది. "అమ్మా, నేను సారు మనిషిని. ముందు మీ వాలెట్ తెరవండి. అదే, పర్సు."

"తెరిచాను బాబూ. వక్కపలుకులున్నాయి."

"అది కాదమ్మా! నేను పంపిన లింకు నొక్కండి."

లింకంటే గేదె గొలుసుదే కదా! గౌరునాయుడు గొలుసు తెచ్చి ఒక్కో లింకూ బొటనవేలితో నొక్కాడు. ఏమీ రాలేదు.

"గట్టిగా నొక్కండి!"

అంతే, కొండలరావు రుబ్బురోలు పొత్రం ఎత్తి దభీమని వేశాడు. గొలుసు తెగింది, తమ్ముడి వేలు వాచింది.

"తొందరగా అమ్మా, ఇంక ఒక్క గంటే ఉంది!"

"మాకు రెండు గంటెలున్నాయి బాబూ. ఒకటి ఇత్తడిది. పంపమంటావా?"

అవతల పళ్ళు కొరికిన చప్పుడు. "పోనీ, మీ వాలెట్ తెరిచే పన్నెండు రహస్య మాటలు చెప్పండి. మిగతాది నేను చూసుకుంటాను."

ఎర్నమ్మ గొంతు తగ్గించింది. "ఒకటి, మా ఆయన మీసానికి బొగ్గు రాస్తాడు. రెండు, మా మరిదికి బల్లంటే భయం..."

ఏడో రహస్యం దగ్గర, "నన్నొదిలెయ్ తల్లీ!" అని వాడు ఫోన్ పెట్టేశాడు.

ఎర్నమ్మకి ఏడుపొచ్చింది. రెండో గేదె గుమ్మందాకా వచ్చి వెనక్కి తిరిగిపోయినట్టుంది. "సారు అలిగాడు. డబ్బంతా ఒకేసారి పంపేస్తే కరుగుతాడు" అంది. ముగ్గురూ బ్యాంకుకి పరుగెత్తారు.

అక్కడ కౌంటర్లో ఉన్న పారిజాతం వీడియో చూసి తల పట్టుకుంది. "అయ్యో పిన్నీ! ఆ కోటు మనిషి బొమ్మ దొంగలు అతికించింది. ఎంత గొప్పవాడి మొహం కనబడినా నమ్మకండి. టైం అయిపోతుందని తొందరపెట్టినా, రహస్య మాటలడిగినా ఫోన్ పెట్టెయ్యండి. ముందు మీరివ్వండి, తర్వాత నేనిస్తాను అన్నాడంటే వాడు దొంగే! పంపిన డబ్బు మళ్ళీ రాదు. అలాంటివాణ్ణి పోలీసులకి పట్టించండి."

గేదె డబ్బు దక్కింది. ఎర్నమ్మ గుండె కుదుటపడింది. ముందిమ్మన్నవాడు దొంగ అన్న ఆ ఒక్క మాటా నెమరేసుకుంటూ బస్సెక్కింది.

కండక్టర్ వచ్చాడు. "ముందు డబ్బులివ్వండమ్మా, తర్వాత టిక్కెట్టిస్తాను."

"దొరికాడ్రోయ్!" అని ఎర్నమ్మ అరిచింది. అంతే, ముగ్గురూ వాణ్ణి రెక్కలు పట్టుకుని దింపి, పోలీసు స్టేషనుకి ఈడ్చుకుపోయారు.

స్టేషన్లో ఒక్కడే ఉన్న ఎస్సై విషయం అర్థంకాక కాగితం అందించాడు. "ముందు మీరు ఫిర్యాదు రాసివ్వండి, తర్వాత నేను రసీదిస్తాను."

ఎర్నమ్మ మొగుడి వైపు చూసింది. మొగుడు తమ్ముడి వైపు చూశాడు. ఇక్కడా ఒకడు!

"దొంగల్ని ఎక్కడ పెడతారు బాబూ?" అని మెల్లిగా అడిగింది.

"ఇదిగో, ఇక్కడ" అని ఎస్సై తాళం తీసి లాకప్ తలుపు తెరిచాడు. ఇంకేముంది, ఎస్సైనీ కండక్టర్నీ లోపలికి తోసేశారు. కాపలాకి తామూ లోపలికి దూరారు. ఊచల్లోంచి చెయ్యి పెట్టి ఎర్నమ్మ తాళం వేసి, దానికే వేలాడుతున్న తాళంచెవి లాక్కుంది.

"తాళంచెవి దొంగల చేతికి చిక్కకూడదు" అని, కిటికీలోంచి దాన్ని బయటి కాలువలోకి విసిరేసింది.