పేడపురుగు పందెం

అనగనగా అంటే అడవి ఎక్కడో దూరాన ఉందనుకుంటారు మీరు. అంత దూరమేం కాదు. ఒక అడవి, అడవి అంచున ఒక వాగు, వాగు మీదికి వంగిన ఒక ఈతచెట్టు. ఆ చెట్టుకి గిజిగాళ్ళ గూళ్ళు వేలాడుతుండేవి. వాటిలో ఒకటి నారయ్య అనే గిజిగాడిది. నారయ్య భార్య పేరు సింగారి.

గిజిగాళ్ళ ఇళ్ళలో ఒక పద్ధతి ఉంది పిల్లలూ. గూడు అల్లడం మగవాడి పని. సగం అల్లాక ఆడపిట్ట వచ్చి చూస్తుంది. ముక్కుతో లాగి చూస్తుంది. లోపల కూర్చుని ఊగి చూస్తుంది. నచ్చితేనే కాపురం. సింగారి కూడా అలాగే చూసింది. అన్నిటికంటే ఎక్కువసేపు లోపలి గట్టుని చూసింది.

గట్టంటే ఏమిటో చెబుతాను. గిజిగాడి గూట్లో పైన ఒక గది ఉంటుంది. కిందికి పొడుగాటి గొట్టం దిగుతుంది. రాకపోకలన్నీ ఆ గొట్టంలోంచే. గదికీ గొట్టానికీ మధ్య చిన్న గట్టు ఒకటి ఒత్తుగా అల్లుతారు. గాలికి గూడు ఊగినప్పుడు గుడ్లు దొర్లి గొట్టంలోకి పడిపోకుండా ఆపేది అదే. బయటినుంచి చూస్తే అది కనిపించదు.

"గట్టు గట్టిగా ఉంది. నేనుంటాను," అంది సింగారి.

కొన్నాళ్ళకు ఆ గదిలో మూడు తెల్లటి గుడ్లు పెట్టింది.

ఇక వాగు ఒడ్డున ఒక మట్టిదిబ్బ ఉండేది. ఆ దిబ్బలో గాదెన్న అనే పందికొక్కు కాపురం. వాడు ఒక్క గింజ ఏరడు, ఒక్క పోచ కోయడు. అయినా వాడి బొరియ నిండా అందరి సొత్తూ ఉండేది. ఎలా వచ్చిందంటే, పందెంతో వచ్చింది.

వాడి బొరియకు మూడు కన్నాలు. ఒక పేడపురుగు పేడ ఉండని వెనక కాళ్ళతో నెట్టుకుంటూ ఆ దిబ్బ మీద తిరిగేది. ఉండ ఏ కన్నంలో పడుతుందో ముందే చెప్పాలి. చెప్పినట్టే పడితే, పెట్టినదానికి ఇంకో అంత ఇస్తాడు. వేరే కన్నంలో పడితే పెట్టింది గాదెన్నది. తర్వాత ఉండని బయటికి నెట్టేసేవాడు. పురుగు మళ్ళీ మొదలెట్టేది.

మీరే చెప్పండి. ఆడేవాడికి ఒక కన్నం. గాదెన్నకి రెండు కన్నాలు. వాడు మోసం చేసేవాడు కాదు. ఆ అవసరమే లేదు వాడికి.

అంతటితో ఊరుకున్నా కొంత నయం. ప్రతి పందేనికీ ముందు తల వంచి, గొంతు మెత్తన చేసుకుని, "జాగ్రత్తగా ఆడండి నాయనా. మితంగా ఆడండి. మీ క్షేమమే నాకు కావాలి," అనేవాడు. ఆ మాట అంటున్నప్పుడు వాడి ముందుకాళ్ళు ఎక్కడుండేవో తెలుసా? పందెంలో పెట్టిన సొత్తు మీద ఉండేవి.

దిబ్బ దగ్గరికి చారమ్మ అనే ఉడుత కూడా వచ్చేది. కడుపునిండా తిని, మిగిలిన ఒక్క రేగుపండు తెచ్చుకునేది. పోతే నవ్వేది. వస్తే పిల్లలకు పట్టుకెళ్ళేది. ఏదైనా సరే, ఆ ఒక్కదానితో లేచి వెళ్ళిపోయేది.

ఒకరోజు నారయ్య గొట్టం చివర అల్లడానికి పచ్చి రెల్లుపోచలు ముక్కున పట్టుకుని దిబ్బ మీదుగా వెళ్తున్నాడు.

"ఏం అల్లుడూ, అంత తొందరేమిటి?" అని పిలిచాడు గాదెన్న. "ఆడొద్దులే. ఊరికే కూర్చుని చూడు."

నారయ్య దిగాడు. చూశాడు. ఒక పోచ పెట్టాడు. ఉండ అతను చెప్పిన కన్నంలోనే పడింది. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ గెలిచాడు. ఆ సాయంత్రం ముక్కుకు పట్టనన్ని పోచలతో ఇంటికొచ్చాడు.

"ఇన్ని ఎక్కడివయ్యా?" అంది సింగారి.

"పేడపురుగు ఇచ్చింది," అని నవ్వుతూ జరిగింది చెప్పాడు నారయ్య.

"అయితే దానికో దణ్ణం పెట్టి ఇక ఊరుకో. గొట్టం ఇంకా జానెడు మిగిలుంది. గాలులొచ్చే వేళ."

ఊరుకున్నాడా? లేదు. ఆ రోజు ఓడిపోయి ఉంటే సిగ్గుపడి పని చూసుకునేవాడేమో. గెలవడమే అతని కొంప ముంచింది. మర్నాడు రెల్లుకని బయల్దేరి దిబ్బ దగ్గర ఆగాడు. ఆ మర్నాడు రెల్లు కోసుకుని నేరుగా దిబ్బ దగ్గరికే వచ్చాడు. తర్వాత తర్వాత రెల్లు వైపు వెళ్ళడమే మానేశాడు. పక్క గూళ్ళవాళ్ళ దగ్గర చేబదులు పోచలు అడిగాడు. "గొట్టానికి తక్కువయ్యాయి, రేపిచ్చేస్తా," అనేవాడు. గొట్టం మాత్రం అంగుళం పెరగలేదు.

చారమ్మ ఇదంతా గమనించింది.

"మామా, ఒక మాట అడగనా?" అంది ఒకరోజు.

"అడుగు. కానీ అడ్డంగా కూర్చోకు. ఉండ కనబడట్లేదు."

"ఇందాక నువ్వు గెలిచావు కదా. ఎందుకు నవ్వలేదు?"

"నిన్న పోయినవి ఇంకా రాలేదుగా."

"ఓడిపోయినప్పుడు ఇంటికెందుకు వెళ్ళవు?"

"వెళ్తే పోయినవి ఎలా వస్తాయి?"

"ఇక్కడున్నావని అత్తకి తెలుసా?"

నారయ్య తల తిప్పుకున్నాడు. "నువ్వు ఆడట్లేదా? నాకు చెప్పొచ్చావు."

"నేను తిని మిగిలిన పండు తెస్తున్నాను మామా. నువ్వు ఇంటికి కావలసింది తెస్తున్నావు."

"నీకు ఆట తెలీదు చారమ్మా. నేను పురుగు నడక కనిపెట్టాను. పొద్దున ఎడమకి పోతే మధ్యాహ్నం కుడికి పోతుంది. రెండుసార్లు నడిమి కన్నంలో పడితే మూడోసారి అందులో పడదు."

ఉండ నెడుతున్న పేడపురుగు ఆ మాట విని ఆగింది.

"ఎవరు చెప్పారయ్యా నీకు?" అంది. "నేను తలకిందులుగా వెనక్కి నడుస్తాను. ఎటు పోతున్నానో నాకే కనిపించదు. ఇందాక ఎందులో పడిందో నాకు గుర్తుండదు. నాకు తెలియని నా నడక నీకెలా తెలిసింది?"

చారమ్మ పకపకా నవ్వింది. నారయ్యకి ఒళ్ళు మండిపోయింది. "మీ పని మీరు చూసుకోండి," అని కసిరాడు. పూర్వం అతను ఎవరినీ కసిరేవాడు కాదు.

చివరికి అతనికి పోచలు ఇచ్చేవాళ్ళు లేకపోయారు. దిబ్బ పక్కన ఎండుగడ్డి ఏరుకొచ్చి పెట్టబోతే గాదెన్న ముక్కు ముడిచాడు.

"ఎండుది నాకెందుకు అల్లుడూ? పరుపులోకి మెత్తగా ఉండాలి. అల్లి, అరిగి, మెత్తబడ్డ పోచలుంటాయి చూడు. అలాంటిది ఒక్కటి తెస్తే నాలుగు పోచల కింద లెక్కేస్తాను. బలవంతం లేదు. నీ ఇష్టం. జాగ్రత్త నాయనా."

అల్లి మెత్తబడ్డ పోచలు ఎక్కడుంటాయి? గూట్లో ఉంటాయి. ఆ సంగతి గాదెన్నకి తెలియదంటారా? వాడికి తెలుసు. తెలిసే అడిగాడు. వాడి నోటితో గూడు అనలేదు, అంతే. ఇలాంటివాళ్ళు ఎప్పుడూ అనరు.

సింగారి మేతకు వెళ్ళిన వేళ చూసి నారయ్య గూట్లో దూరాడు. బయటి పోచ లాగితే అందరికీ కనిపిస్తుంది. గొట్టం పోచ లాగితే సింగారికి తెలుస్తుంది. గట్టు మాత్రం లోపల చీకట్లో ఉంది. ఒత్తుగా ఉంది. అందులోంచి ఒక పోచ లాగాడు. 'రేపు గెలిచి రెండు అల్లేస్తాను,' అనుకున్నాడు. ఆ పోచ పోయింది. దాన్ని తిరిగి తేవడానికి ఇంకోటి లాగాడు. అదీ పోయింది. వాటిని తిరిగి తేవడానికి గుత్తిగా లాగాడు.

"ఏమయ్యా, గట్టు పలచబడినట్టుంది," అంది సింగారి, కాలితో తడిమి.

"ఎండకి కుంగి ఉంటుంది."

"లోపలికి ఎండెక్కడిది?"

"అల్లినవాణ్ణి నేనా నువ్వా? ప్రతిదానికీ అనుమానమేనా?"

అతనికి అంత కోపం రావడం సింగారి ఎప్పుడూ చూడలేదు. తనదే తప్పేమో అనుకుని గుడ్లని గూటి వెనక్కి జరుపుకుని కూర్చుంది. చూశారా, లాగింది ఎవరో, బాధపడింది ఎవరో.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం నారయ్య దిబ్బ మీద ఉన్నాడు. గట్టులో మిగిలిన ఆఖరి గుత్తి అతని ముందు ఉంది. పడమట మబ్బు కమ్మింది. గాలి లేచింది. ఈతచెట్టు మట్టలు గలగలలాడాయి. దిబ్బ మీదినుంచి చూస్తే నారయ్య గూడు అటూ ఇటూ ఊగుతూ కనిపిస్తోంది.

"మామా, గాలి ముదురుతోంది. ఇంటికెళ్ళు," అంది చారమ్మ.

నారయ్య రెక్క విప్పాడు.

"వెళ్ళు అల్లుడూ, మంచిమాట," అన్నాడు గాదెన్న. "కానీ ఉండ సగం దూరం వచ్చేసింది. ఇప్పుడు లేస్తే పెట్టినది పోయినట్టే. నీ క్షేమం కోరి చెబుతున్నాను."

గట్టు లేని గూట్లో మూడు గుడ్లున్నాయని ఆ దిబ్బ మీద తెలిసినవాడు నారయ్య ఒక్కడే. గూడు వైపు చూశాడు. ఉండ వైపు చూశాడు.

"ఈ ఒక్కటి చూసి వెళ్తా," అన్నాడు.

రెక్క ముడిచాడు.

పురుగు వెనక్కి వెనక్కి నడిచింది. ఉండ నడిమి కన్నం అంచున ఊగి, లోపల పడింది. నారయ్య చెప్పింది నడిమి కన్నమే. గెలిచాడు.

"చూశావా," అని చారమ్మ వైపు తిరిగాడు. చారమ్మ అతన్ని చూడటం లేదు. వాగు వైపు చూస్తోంది. ఊగుతున్న గొట్టంలోంచి తెల్లగా ఒకటి జారింది. నీళ్ళలో చిన్న చప్పుడైంది. వాగు దాన్ని తీసుకుపోయింది.

నారయ్య గెలిచిన పోచలు అక్కడే వదిలి ఎగిరాడు. గూట్లోకి దూరి చూస్తే, గట్టు ఉండాల్సిన చోట సింగారి అడ్డంగా పడుకుని ఉంది. రెండు రెక్కలూ రెండు గోడలకి నొక్కిపెట్టి, రొమ్ముతో రెండు గుడ్లని ఆపుతోంది. గాలి తగ్గేదాకా అలాగే ఉంది. నారయ్య పక్కన చేరి తన ఒళ్ళు కూడా అడ్డం పెట్టాడు.

గాలి తగ్గాక సింగారి ఒకటే అడిగింది. "గట్టు ఏమైందయ్యా?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. నారయ్య దాన్ని మింగేశాడు. మొదటి పోచ నుంచి ఆఖరి గుత్తి దాకా అంతా చెప్పాడు. పక్క గూళ్ళవాళ్ళు కూడా విన్నారు.

చుట్టుపక్కల ఆడపిట్టలు గుడ్లకి కాపు కూర్చున్నాక, సింగారి దిబ్బ దగ్గరికి వెళ్ళింది. గాదెన్న కన్నంలోంచి తల బయట పెట్టాడు.

"విన్నానమ్మా. మనసు చివుక్కుమంది. అయినా నేను రోజూ చెబుతూనే ఉన్నాను కదా, జాగ్రత్తగా ఆడమని. వినకపోతే నేనేం చేసేది? చారమ్మని చూడు. ఎంత పద్ధతిగా ఆడుతుంది."

"చారమ్మ నీకిచ్చింది ఎంత?" అంది సింగారి. "అప్పుడప్పుడు ఓ రేగుపండు. అది కూడా సగంసార్లు తనే పట్టుకుపోయింది. అందరూ చారమ్మలా ఆడితే నీ బొరియలో పరుపు ఉండేదా? నువ్వు పడుకునేది మా గట్టు మీద. నా మొగుడిది తప్పే. ఆ తప్పు సంగతి నేనూ అతనూ చూసుకుంటాం. కానీ అతను నవ్వడం మానేసింది చారమ్మకి కనబడింది. రోజూ ఎదురుగా కూర్చున్న నీకు కనబడలేదా? నీకే అందరికంటే ముందు కనబడింది. కనబడింది కాబట్టే అల్లిన పోచ తెమ్మన్నావు."

గాదెన్న మీసాలు దువ్వుకున్నాడు.

చారమ్మ చేతిలో రేగుపండు ఉంది. దాన్ని పందెంలో పెట్టకుండా దిబ్బ దిగింది.

"నాకు ఇది సరదాయే అత్తా," అంది. "కానీ నేను నవ్వుతూ ఇక్కడ కూర్చోబట్టే కదా ఇది సరదా చోటులా కనబడింది. ఇంక రాను."

పక్షులు రావడం మానేశాయి. ఉడుతలు మానేశాయి. పేడపురుగు తన ఉండని దొర్లించుకుంటూ, దిబ్బ ఉన్న వైపో కాదో దానికే తెలియకుండా, వేరే వైపు పోయింది. గాదెన్న ఇంకో వాగు ఒడ్డు వెతుక్కున్నాడని విన్నాం. అక్కడ కూడా క్షేమం కోరుతూనే ఉంటాడు.

నారయ్య ఒక్క రోజులో బాగుపడ్డాడని చెబితే అది అబద్ధం. గట్టు మళ్ళీ అల్లాడు. చేబదుళ్ళు తీర్చాడు. అయినా కొన్ని పొద్దుల్లో రెల్లుకని బయల్దేరి గాల్లోనే ఆగిపోయేవాడు.

"సింగారీ, రెక్కలు ఆ ఇంకో వాగు వైపు లాగుతున్నాయి. ఆ కొత్త దిబ్బ ఎక్కడుందో చూసి రావాలనిపిస్తోంది," అనేవాడు.

"చెప్పావు కదా, మంచిదయింది. పద, నేనూ రెల్లుకి వస్తాను," అనేది సింగారి. ఆమెకి వీలుకాని రోజున చారమ్మ కొమ్మ మీదినుంచి కబుర్లు చెబుతూ రెల్లు దాకా తోడు పరుగెత్తేది.

గుడ్లు పగిలి పిల్లలు బయటికొచ్చాయి. రెక్కలొచ్చే వేళకి వాటికి మాటలు కూడా వచ్చాయి. ఒకరోజు పెద్ద పిల్ల పక్క గూట్లోకి తొంగి చూసి వచ్చింది.

"నాన్నా, వాళ్ళు ముగ్గురున్నారు. మేం ఇద్దరమేనా?"

సింగారి అటు తిరిగి కూర్చుంది. నారయ్య పిల్లలిద్దరినీ దగ్గరికి లాక్కున్నాడు.

"మీరూ ముగ్గురే," అన్నాడు. "ఒకర్ని నేను పోగొట్టాను. ఎలా పోగొట్టానో చెబుతాను, కూర్చోండి."

నీతి: పోయినా బాధలేనిది పెట్టి, నవ్వుతూ లేచి రాగలిగినంత వరకే అది ఆట. పని మాని, ఇంట్లో అబద్ధమాడి, పోయినదాని కోసం మళ్ళీ మళ్ళీ ఆడుతుంటే అది జబ్బు. దాచుకోకుండా ఆ రోజే అయినవాళ్ళకి చెప్పి తోడు అడగాలి. ఆ జబ్బు మీద బతుకుతూ జాగ్రత్తలు చెప్పేవాడి మాట నమ్మకూడదు.